పెదాల కబురు

పై మెట్టు చల్లగా ఉంది, పోనీలే, ఈ పూట చల్లగా ఉన్నది ఇదొక్కటేగా అనుకుంటూ ఆమె మిల్లు మేస్త్రి గది గుమ్మం బయట కూలబడింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. మేస్త్రి కూతురు కావాలనే అరచెయ్యి పట్టేంత సందు వదిలినట్టుంది, ఆవిడకీ పిల్లలున్నారు, తెలియదా ఏమిటి. సందులోంచి సగం మంచం కనిపిస్తోంది, మంచం మీద మేస్త్రి భుజం, మాసిన గడ్డం, మూతపడనని మొండికేసిన కళ్ళు. పక్కనే స్టూలు మీద చిన్నది. ఏడేళ్ళ పిల్ల, కాళ్ళు నేలకి అందక వేలాడుతున్నాయి, ఎడమకాలి చెప్పు జారి కింద పడింది. వెళ్ళి చెప్పు తొడగాలని లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. లోపలికి వెళ్ళకూడదు. వెళ్ళకూడదన్నది ఏ డాక్టరో కాదు, ఆ చెప్పు జారిపోయిన పిల్లే. ఇందాక ఇదే గుమ్మంలో నిలబడి తలెత్తి చూసి, "అమ్మా, నువ్వు బయట కూర్చో" అంది. ఎందుకే అంటే, "నువ్వు చాలా గట్టిగా భయపడుతున్నావు" అంది. గట్టిగా మాట్లాడతానని తెలుసు, గట్టిగా తుమ్ముతానని తెలుసు, మిల్లులో పనిచేసేవాళ్ళకి మెల్లగా అనేదేదీ చేతకాదు. భయపడటం కూడా గట్టిగానే చేస్తానన్నమాట. నవ్వొచ్చింది.

కింద వీధి నిండా రేడియోలు. సెలవు రోజు కదా. ఈ మెట్టు మీంచి చూస్తే వీధి ఆ చివర మలుపు దాకా కనిపిస్తుంది, రెండు వరసల ఇళ్ళు, ఇంటికో రేడియో, ఏ రెండూ ఒకటే పాడవు. ఎదురింట్లో ఏదో ఆట, ఎవరో ఎవరినో దాటుకుని పరిగెత్తుతున్నట్టు ఒకడు ఊపిరాడకుండా చెబుతున్నాడు. పక్కింట్లో వాతావరణం. దాని పక్కన పాట. ఆ పక్కన ఏ స్టేషనూ దొరకనట్టుంది, ఉత్త గరగరే, అయినా కట్టెయ్యలేదు. కొత్తగా ఈ వీధికి వచ్చినవాళ్ళు, మీకు సంగీతమంటే ఎంత ఇష్టమండీ అనుకుంటారు. ఇష్టమూ లేదు, పాడూ లేదు. మగ్గాల హాల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డ చెవులకి, మగ్గాలు ఆగిన రోజునే అసలు పని మొదలవుతుంది. పని రోజుల్లో ఆ మోతలో మోత కలిసిపోతుంది. సెలవొచ్చి హాలు మూతపడిందా, చెవిలోపల జోరీగ లేస్తుంది. మనిషి మనిషికీ ఒక్కో జోరీగ. ఆమెది సన్నటి ఇనప తీగ లాంటి మోత, కుడి చెవిలో ఎత్తుగా, ఎడమ చెవిలో కాస్త కిందగా. ఎదురింటి కండెలక్కది ప్రెషర్ వదులుతున్న గొట్టం, ఆవిడే చెప్పింది. మేస్త్రికి రెండు చెవుల్లోనూ హాలంతా. అన్ని మగ్గాలూ. ఇప్పుడు మంచాన పడ్డాక చెవులు బయటి మాట ఒక్కటి కూడా లోపలికి రానివ్వవు, లోపలి మోతని మాత్రం పోనివ్వవు. ఎన్నాళ్ళుగానో కంటిమీద కునుకు లేదు. మాత్రలు మింగిస్తే ఒళ్ళు మొద్దుబారుతోందట, మోత మొద్దుబారడం లేదట. పొద్దున్నే మేస్త్రి కూతురు గుమ్మంలోకొచ్చి, ముందు చక్కెర అడిగి, చక్కెర గిన్నె పట్టుకుని అలాగే నిలబడి, "నాన్న పోయేది ఎలాగూ పోతాడు వదినా. ఒక్కసారి నిద్రపోయి పోతే చాలు. నీ చిన్నదాన్ని అడగమన్నాడు" అంది.

చిన్నదాని సంగతి మేస్త్రికి తెలుసు. బయటివాళ్ళలో ఆయనొక్కడికే తెలుసు. చెప్పింది తనే, ఒకరోజు షిఫ్టు మధ్యలో, మగ్గం మీంచి మగ్గానికి, పెదాలతో. హాల్లో గొంతుతో ఎవరు మాట్లాడతారు, గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. పెదాలే. చేరిన మొదటి వారం ఆమెకి అదంతా చేపల తొట్టిలా కనిపించింది, అందరూ నోళ్ళు తెరుస్తున్నారు, మూస్తున్నారు, చప్పుడు లేదు. మేస్త్రి ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పి నేర్పాడు. కళ్ళలోకి కాదమ్మాయ్, నోటివైపు చూడు. చూశావా. ఇప్పుడు అప్పజెప్పు. అప్పజెప్పడమంటే అవతలివాళ్ళు పెదాలతో ఏం చెప్పారో అదే మాట నీ పెదాలతో తిరిగి అనడం, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టే. అప్పుడుగానీ వాళ్ళకి నీకు అందిందని తెలియదు. నువ్వు అప్పజెప్పేదాకా వాళ్ళు అదే మాట అంటూనే ఉంటారు. అది మొదటి సూత్రం. రెండోది, అందిన కబురు నీ దగ్గర ఆపుకోకు, పక్క మగ్గానికి అందించు. కబురు నీ దగ్గర ఆగిపోతే ఆ పాపం నీదే. ఇది చెప్పేటప్పుడు మేస్త్రి నవ్వేవాడు కాదు. ఎందుకు నవ్వుతాడు, ఆమె అత్తగారి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు, హాలు చివర బెల్టు తెగబోతోందని చూసి ఒకరు 'ఆపండి' అన్నారు, ఆ మాట మగ్గం మగ్గం దాటుతూ వచ్చింది, సరిగ్గా ఆవిడ పక్క మగ్గం దగ్గర ఆగిపోయింది. వాడెవడో ఏదో ఆలోచనలో ఉన్నాడట. చదివాడట, అందించలేదట. ఒక్క మగ్గం ఇవతల. అత్తగారు ఇప్పటికీ గిన్నె జారిపోయినప్పుడల్లా ఆ మొండి వేళ్ళు పైకెత్తి చూపించి, "నా దాకా రాలేదే కబురు" అంటుంది. రోజుకి ఎన్ని గిన్నెలు జారిపోతాయో అన్నిసార్లు. మొదట్లో జాలేసేది, తర్వాత విసుగేసేది, ఇప్పుడైతే గిన్నె చప్పుడు కాగానే ఆమె పెదాలే ఆ మాట అనేస్తాయి, ఆవిడ కంటే ముందు.

ఇలాంటి కొంపలో పుట్టింది చిన్నది. గొంతుతో ఒక భాష, పెదాలతో ఒక భాష. ఇంట్లో అత్తాకోడళ్ళు వంటగది ఆ మూలా ఈ మూలా నిలబడి పెదాలతోనే పోట్లాడుకుంటారు, ఇంటాయన బస్సు నడిపే మనిషి, మిల్లు గడప తొక్కినవాడు కాదు, భోజనం చేస్తూ తలెత్తకుండా "ఈ ఇంట్లో యుద్ధం జరుగుతున్నా నాకు తెలీదు" అంటాడు. అందుకే పిల్ల మూడో ఏటో నాలుగో ఏటో ఒక మూల కూర్చుని, కళ్ళు మూసుకుని, చప్పుడు లేకుండా పెదాలు కదపడం మొదలుపెడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. అత్తగారికి మాత్రం కోపం వచ్చింది. "నన్నే వెక్కిరిస్తావే బుడంకాయా" అని ఒకటి అంటించింది కూడా. పిల్ల ఏడవలేదు, కళ్ళు తెరిచి, ఇంకా ఎక్కడో ఉన్న మొహంతో నానమ్మ మొండి వేళ్ళని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊరుకుంది. ఆవిడ ఆ పూటంతా మాట్లాడలేదు. ఈ వీధి చరిత్రలో అదొక వింత. ఆ తర్వాత తను ఆ పిల్ల పెదాలని చదవాలని చూడని పూట లేదు. ఇంత సందులోంచి, దుమ్ములోంచి, వరసల అవతలి నుంచి ఎవరేం అన్నా పట్టేసే మనిషి ఆమె, సొంత కూతురి నోటిమీది మాట పట్టలేకపోయింది. చిన్న మాట. అదే మళ్ళీ మళ్ళీ. పెదాలు కలుస్తాయి, తెరుచుకుంటాయి, అంతే. బొమ్మ అంటోందా, పాపా అంటోందా. అత్తగారు మాత్రం, ఇందులో చూసేదేముంది, మామ్మా అని నన్నే పిలుస్తోంది అని తీర్పు చెప్పేసింది.

ఎదురింటి రేడియోలో జనం ఒక్కసారి అరిచారు, ఎవరో ముందుకి దూసుకెళ్ళినట్టున్నారు. లోపల ఏమీ లేదు. మేస్త్రి కళ్ళు అలాగే పైకప్పుని చూస్తున్నాయి. చిన్నది మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, పెదాలు కదలడం లేదు. రాకపోతే. ఇవాళ రాకపోతే ఏం చెయ్యాలి. మేస్త్రి నవ్వి ఊరుకుంటాడు, ఆయన సంగతి కాదు, దీని సంగతి. ముసలాయన అడిగాడు, నేను ఇవ్వలేకపోయాను అని ఇది ఎన్నేళ్ళు మోస్తుందో. ఒకసారి అలాగే అయింది. తనే చేసింది ఆ పని. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కానీ ముందు ఆ మొదటి రోజు. ఆ రోజుని ఆమె దాచుకుని దాచుకుని చూసుకుంటుంది, పండగ బట్టలు అప్పుడప్పుడూ పెట్టె తెరిచి చూసుకున్నట్టు. సెలవు రోజే. బల్ల దగ్గర బఠానీలు ఒలుస్తోంది, రేడియో పెద్దగా పెట్టుకుంది, కరెంటు పోయింది. రేడియో ఆగిపోగానే ఒళ్ళు బిగబట్టుకుంది, ఇదిగో వస్తుంది, కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. రాలేదు. మొదట చచ్చిపోయాననుకుంది, నిజంగానే అనుకుంది, బఠానీ గింజ చేతిలో పట్టుకుని. చచ్చిపోలేదు, గింజ పచ్చివాసన వేస్తోంది. చెవులు పూర్తిగా పోయాయేమో అనుకుంది. అప్పుడు కుళాయి చుక్క పడింది. టప్. చుక్కకి ఇంత గుండ్రటి చప్పుడుంటుందని ఆమె మరిచిపోయింది. కిటికీ అవతల పిచ్చుక గోడమీద గోళ్ళతో నడిచింది. గోళ్ళ చప్పుడు! పిచ్చుక గోళ్ళ చప్పుడు! ఇంకా దగ్గరగా, కాళ్ళ దగ్గర, ఎవరిదో ఊపిరి. వంగి చూస్తే బల్ల కింద చిన్నది, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ. గదిలో ఎవరో ఉన్నట్టుంది. ఎవరో చాలా పెద్దవాళ్ళు వచ్చి, కుర్చీ కూడా అడగకుండా, ఒక పక్కగా నిలబడ్డట్టు. భయం వెయ్యలేదు. లేచి నిలబడాలనిపించింది, నిలబడింది, ఒళ్ళోని బఠానీలన్నీ నేలమీద దొర్లిపోయాయి, ఒక్కో గింజ ఒక్కో చప్పుడు చేసుకుంటూ. ఏడ్చింది. కాసేపటికి చిన్నది కళ్ళు తెరిచి, దాహం వేస్తోంది అంటూ బయటికొచ్చింది, జోరీగ తిరిగొచ్చి తన చోట తాను కూర్చుంది.

ఇంటాయనకి చెబితే చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "నాకేం తేడా తెలీలేదే" అన్నాడు. ఎలా తెలుస్తుంది, ఆయనవి బంగారంలాంటి చెవులు. గాయం ఉన్నవాళ్ళకే ఆ చెయ్యి తగిలినట్టు తెలుస్తుంది. అందుకే ఇంకెవరికీ చెప్పలేదు, అత్తగారికి కూడా. అత్తగారి రేడియో ఎప్పుడూ ఆవిడ చెవి పక్కనే, ఆవిడకి ఆ నిశ్శబ్దం దొరికే వీలే లేదు. చెబితే? చెబితే ఈ వీధిలో ఎన్ని చెవులు, ఎన్ని జోరీగలు. పొద్దున లేచేసరికి గుమ్మం ముందు వరస. కండెలక్క వస్తుంది, ఎవరు కాదనగలరు, కాన్పప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి. తర్వాత పై వీధి. తర్వాత ఇంకో మిల్లు. దున్నే ఎద్దునే పొడుస్తారు, హాల్లో చూడలేదూ, బాగా నడిచే మగ్గం మీదే పనంతా వేస్తారు, అది అరిగి మూలన పడేదాకా. ఏడేళ్ళ పిల్ల. ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు. ఇదంతా నిజమే, పిల్ల కోసమే, అయినా మనసు అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని ఎంత తొక్కిపెట్టినా ఈ మెట్టు మీద లేచి కూర్చుంది. నాది, నా నిశ్శబ్దం, నాకే కావాలి. ఎన్నో ఏళ్ళకి దొరికింది. ఒక రోజు చెవుల్లో మోత భరించలేక, "ఒక్కసారి కూర్చోవే, అమ్మ కోసం, ఒక్క రవ్వ" అని పిల్లని పట్టుకుని బతిమాలింది. పిల్ల కూర్చుంది పాపం. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు తనే కదిపి, ఎంత కదిపినా ఏమీ రాక, చివరికి భోరుమంది. "నేను చెయ్యట్లేదమ్మా. వాళ్ళు మొదలుపెడితేనే" అంది వెక్కుతూ. ఎవరే వాళ్ళు? తెలీదు. మంచివాళ్ళు. ఏమంటారే? అంత దూరం నుంచి సరిగ్గా కనపడదమ్మా, ఒక్కటే కనపడుతుంది. అంతకు మించి చెప్పలేకపోయింది. ఆ మర్నాడే హాల్లో, గుండె ఆగక, మేస్త్రికి పెదాలతో మొత్తం చెప్పేసింది. ఆయన ప్రతి ముక్కా అప్పజెప్పాడు. అప్పజెప్పి, రెండో సూత్రం పాటించకుండా అక్కడితో ఆపాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ అందించలేదు. తన కోసం సూత్రం తప్పిన మనిషి ఇవాళ అడిగితే ఎలా కాదంటుంది.

కాదనాల్సింది. ఇప్పుడైనా లోపలికి వెళ్ళి, చెప్పు తొడిగి, చంకనెత్తుకుని దిగిపోవచ్చు. మేస్త్రి నిద్రపోతే కూతురు ఊరుకుంటుందా, ఆనందం పట్టలేక కండెలక్కకి చెబుతుంది, కండెలక్క నోట్లో నువ్వుగింజ నానదు. లేచింది. తలుపు అంచు మీద చెయ్యి వేసింది. అప్పుడు చిన్నదాని పెదాలు కదిలాయి.

చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. జోరీగ మాత్రం పోలేదు, అలాగే ఉంది, ఎదురింటి ఆట కూడా అలాగే ఉంది. మేస్త్రి తల మెల్లగా పిల్లవైపు తిరిగింది. కళ్ళలోకి కాదు, నోటివైపు. అలవాటు అలాంటిది, చావు మంచం మీద కూడా ఆయన నోటివైపే చూస్తాడు. చూశాడు, చూశాడు, నుదురు ముడిపడింది, ముడి విడింది. తర్వాత ఆ మొహంలోకి వచ్చినదాన్ని ఆమె ఎప్పుడూ ఎవరి మొహంలోనూ చూడలేదు. ఎవరో చాలా పెద్దవాళ్ళు హాల్లోకి నడిచొస్తుంటే, దూరం నుంచి ఆయనొక్కడే గుర్తుపట్టినట్టు. కళ్ళు సందులోకి తిప్పాడు. ఆమె అక్కడుంటుందని తెలుసు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, అయినా ఒక్కో మాట స్పష్టంగా, కొత్తగా చేరిన పిల్లకి నేర్పినట్టు అన్నాడు: ఇది చెప్పడం లేదమ్మాయ్. అప్పజెప్తోంది.

ఆమె పెదాలు వాటంతట అవే కదిలాయి. అప్పజెప్తోంది.

మళ్ళీ అన్నాడు: చూడు. మాట్లాడేవాళ్ళు ముందు ఊపిరి పీలుస్తారు. అప్పజెప్పేవాళ్ళు ముందు ఆగుతారు.

చూసింది. చిన్నది ఆగింది. అవతల ఎవరో చెబుతుంటే, అది పూర్తయ్యేదాకా కాచుకున్నట్టు ఆగింది. తర్వాత పెదాలు కదిలాయి. మళ్ళీ ఆగింది. ఇన్నేళ్ళూ ఈ ఆగడాన్నే చూడలేదు, కదలడాన్నే చూసింది. ప్రార్థన అనుకుంది, అడుక్కోవడం అనుకుంది, ఆట అనుకుంది. పిల్లే ఏదో చేస్తోందనుకుంది. పిల్ల చెయ్యడం లేదు. పిల్ల మగ్గం దగ్గర నిలబడి ఉంది, అంతే, కబురు ఇంకెక్కడి నుంచో వస్తోంది. వరస ఆ చివర ఎవరు నిలబడ్డారు? ఎన్ని మగ్గాలు దాటి వస్తోంది ఇది, ఎప్పుడు బయల్దేరింది, ఎంత ఓపిగ్గా, అప్పజెప్పేదాకా అదే మాట అంటూ, అంటూ, అంటూ. ఒళ్ళు జలదరించింది. మెట్టు మీద కూర్చుండిపోయింది. తల వంచుకోవాలనిపించింది, వంచుకుంటే పెదాలు కనపడవు, వంచుకోలేదు. అప్పుడు చదివింది. పెదాలు కలిశాయి, తెరుచుకున్నాయి. బొమ్మ కాదు, పాపా కాదు, అత్తగారి మామ్మ అంతకన్నా కాదు. అది ఆమె పేరు. అందరికీ తెలిసిన పేరు కాదు, అమ్మ పిలిచిన ముద్దుపేరు. అమ్మ పోయాక ఎవరూ అనలేదు, ఇంటాయనకి కూడా తెలియదు, తనే తనని ఆ పేరుతో అనుకోవడం మానేసింది, అందుకే కళ్ళముందు ఇన్నాళ్ళు ఆడినా గుర్తుపట్టలేదు. ఎక్కడో ఎవరో ఇన్నేళ్ళుగా తనని పిలుస్తున్నారు. అమ్మా? అమ్మే కాదేమో, అమ్మకి కూడా ఆ పేరు చెప్పినవాళ్ళేమో. తన పేరుని తనే అప్పజెప్పింది, చప్పుడు లేకుండా, ఒకసారి.

ఇనప తీగ ఆగిపోయింది. కుడి చెవిలో, ఎడమ చెవిలో. లోపల, మంచం మీంచి ఒక వింత చప్పుడు. గరగర, ఈల, గరగర. మేస్త్రి గురక, ఆయన కబురు ఆయనకి అందినట్టుంది. మేస్త్రి కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. ఈ వీధిలో గురకకి ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

చిన్నది మాత్రం లేవలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఇప్పుడు ఇంకో పేరు. అదే మళ్ళీ మళ్ళీ. ఆమె చదివింది, ఎవరిదో తెలియలేదు, ఆ పేరున్న మనుషులు ఈ వీధిలో లేరు. మళ్ళీ అదే. ఎవరూ అప్పజెప్పని కబురుని అలాగే అంటూ ఉంటారు. ఎదురింటి కిటికీలో కండెలక్క నిలబడి గుడ్డ పిండుతోంది, తలకి కండువా బిగించి కట్టుకుంది, జోరీగ ఎక్కువైన రోజుల్లో అలాగే కడుతుంది. ఆమెని చూసి, పెదాలతో, ఎలా ఉన్నాడు అంది. ఆమెకి అప్పుడు అర్థమైంది ఆ పేరు ఎవరిదో. కండెలక్కకి తల్లిదండ్రులు పెట్టిన పేరేమిటో ఈ వీధిలో ఒక్కరికీ తెలియదు, నూలు కండెలు చుట్టే విభాగంలో చేరిన నాటి నుంచి ఆవిడ కండెలక్కే. ఇప్పుడు, బాగానే ఉన్నాడు అని తల ఊపి ఊరుకోవచ్చు. ఊరుకుంటే పిల్ల ఎవరికీ తెలియదు. పొద్దున గుమ్మం ముందు వరస ఉండదు. నిశ్శబ్దం తనది, తన ఒక్కదానిది. వెనక స్టూలు మీద పిల్ల అదే పేరు ఒంటరిగా అంటూనే ఉంది, అలసిపోతోంది కూడా, కాళ్ళు ఊగడం మానేశాయి. అరిగేది మగ్గం నడిచినందుకు కాదేమో. పక్క మగ్గం అందుకోకపోతేనేమో. నా దాకా రాలేదే కబురు.

లేచి నిలబడి, చెయ్యి ఊపి, కండెలక్క తన నోటివైపు చూసేదాకా ఆగి, ఆ పేరు అంది.

కండెలక్క చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. చాలాసేపు చూసింది. తర్వాత మిల్లు మనిషి కదా, పెదాలు వాటి పని అవి చేశాయి, అప్పజెప్పింది. తడిచేత్తోనే చెవి పట్టుకుంది. చెవి వదిలి లోపలికి నడిచింది, ఆట మధ్యలో ఆగిపోయింది. తిరిగి కిటికీ దగ్గరికొచ్చి ఏమీ అడగలేదు. ఎవరు, ఏమిటి, ఎలా, ఏదీ అడగలేదు, వీధిలోని ప్రతి గుట్టునీ లాగి ఆరేసే మనిషి. పక్కింటి వైపు తిరిగింది, వాతావరణం చెబుతున్న ఇంటివైపు, ఆ ఇంటి ముసలాయన గుమ్మంలోనే కూర్చున్నాడు. కండెలక్క ఆగింది. ఊపిరి పీల్చలేదు, ఆగింది. ఆమె మెట్ల పైనుంచి ఆ ఆగడాన్ని స్పష్టంగా చూసింది, గుండె చేత్తో పట్టుకుని చూసింది. తర్వాత కండెలక్క పెదాలు కదిలాయి, ఆమె చెప్పనిది, చిన్నది చెప్పనిది, ఏదో పేరు. ముసలాయన నోరు తెరిచాడు. వాతావరణం ఆగిపోయింది. దాని పక్కన పాట ఆగింది. గరగర ఆగింది. ఒక్కో గుమ్మంలోకి ఒక్కో మనిషి వచ్చి నిలబడుతున్నారు, తలలు ఒక పక్కకి వంచి, ఎక్కడో పడుతున్న నీటి చుక్కని, ఎవరింట్లోదో గడియారాన్ని, ఒకరి ఊపిరిని ఒకరు వింటూ. ఎవరూ మాట్లాడటం లేదు. వీధి పొడుగునా పెదాలు ఆగుతున్నాయి, కదులుతున్నాయి. ఆమె రెండు చేతులూ వాటంతట అవే దగ్గరికి చేరాయి.

"అమ్మా, నా చెప్పు ఏది?" చిన్నది గుమ్మంలో నిలబడి కళ్ళు నులుముకుంటోంది. కిందికి, వీధివైపు ఒకసారి చూసింది, పెద్ద విశేషమేమీ లేనట్టు. "ఆకలేస్తోంది" అంది.

"అయిపోయిందా?"

"ఇంకా అవ్వలేదు. నా వంతు అయిపోయింది."

చెప్పు తొడిగి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. గుమ్మాల్లోని వాళ్ళు వాళ్ళిద్దర్నీ చూశారు, ఎవరూ పిల్ల మీదికి రాలేదు, పిల్ల కాళ్ళకి దణ్ణాలు పెట్టలేదు. ఎవరి పని వాళ్ళకి ఉంది, పక్కవాళ్ళకి అందించాలి కదా. ఇన్నాళ్ళూ దేనికి భయపడిందో ఆమెకే సిగ్గేసింది. వీధి మలుపు దాకా వచ్చేసరికి ఒక్క రేడియో మిగిలింది. అన్నింటికంటే పెద్దది. వాళ్ళింట్లోదే. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు, చెవికి ఆనించుకున్న రేడియో, గుమ్మంలో అడుగుపెట్టగానే దానిమీంచి అరుపు: "ఎక్కడికి పోయారు ఇద్దరూ, కాఫీ గిన్నె జారిపోయింది, ఇంట్లో మనిషి లేదు!" మొండి వేళ్ళు అలవాటుగా పైకి లేచాయి. చిన్నది అమ్మ చెయ్యి వదిలేసి బిస్కెట్ల డబ్బా వైపు వెళ్ళిపోయింది, వెనక్కి కూడా చూడలేదు. ఎవరు అందిస్తారు మరి ఈవిడకి, పక్క మగ్గం ఎవరు? ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏదో అనాలని ఊపిరి పీల్చింది, పీల్చి వదిలేసింది. ఆగింది. ఆ ఆగిన చోట ఎవరో ఉన్నారు. చాలా దూరంగా, చాలా ఓపిగ్గా, చాలా ఏళ్ళ కిందట ఒక్క మగ్గం ఇవతల ఆగిపోయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా అంటూనే ఉన్నారు. కనపడింది. ఎన్నడూ వినని పేరు, చిన్న పిల్లని పిలిచే పేరు. అత్తగారి ముందుకి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ తన నోటివైపు చూసేదాకా ఆగి, పెదాలతో ఆ పేరు అంది.

అత్తగారి మొహం తెల్లబోయింది. రెండు వేళ్ళు లేని చేత్తో తడుముకుని రేడియో కట్టేసింది. ఇంట్లో కుళాయి చుక్క పడింది. ఆవిడ దాన్ని విన్నది, కుళాయి వైపు తిరిగి చూసింది, మళ్ళీ కోడలి పెదాల వైపు చూసింది. ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవిడ మెల్లగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"మళ్ళీ అనవే" అంది అత్తగారు.